ఫరోల నూలు కోసం ఎనిమిది రోజులు

ఈజిప్టు వెళ్ళి వచ్చానని తెలిసిన ప్రతివాళ్ళూ మొదట పిరమిడ్ల గురించే అడుగుతున్నారు. పిరమిడ్లు ఉన్నాయి. చాలా పెద్దవి. వాటి ముందు పది నిమిషాలు ప్రశాంతంగా నిలబడి చూడనిచ్చే మనిషి మాత్రం అక్కడ ఒక్కడూ లేడు. ఒకడు ఒంటె ఎక్కమంటాడు. ఎక్కనంటే, ఎక్కనందుకు ఏమైనా ఇవ్వమంటాడు. వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకుని వెళ్ళడం మంచిది.

నేను పిరమిడ్ల కోసం వెళ్ళలేదు. ఒక బట్ట చూడటానికి వెళ్ళాను.

బయలుదేరక ముందు

బెంగళూరు నగర్తపేటలో మాకు నాలుగు తరాల బట్టల అంగడి ఉండేది. ఇప్పుడు ఆ చోట ప్లాస్టిక్ బకెట్లు అమ్ముతున్నారు. ఆ వీధిలో నడవవలసి వస్తే నేను తల అటు తిప్పను. మా తాతగారి రోజుల్లో సన్న నూలు పంచె కావాలంటే మైసూరు నుంచి కూడా మా దగ్గరికే వచ్చేవారు. మూటల మీద రంగుల చీటీలు అంటించి ఉండేవి. ఎర్రటి ఆకాశం, ఒక పిరమిడ్, దాని పక్కన ఒంటె. ఈజిప్టు పత్తితో నేసిన సరుకు అని గుర్తు. తాతగారు పంచె మడత విప్పి కొనేవాడి చేతిలో పెట్టి, "ఫరో రాజుల్ని వేల ఏండ్లు కాపాడిండేది ఈ నూలేనప్పా" అనేవారు. ఆయన మాట మీద ఇంకో మాట ఉండేది కాదు, అంగట్లోనూ, ఇంట్లోనూ. టెర్లిన్ వచ్చిన కొత్తలో "అది బట్ట కాదు" అన్నారు. అంగట్లోకి రానివ్వలేదు. మా నాన్నగారికి వేరే అభిప్రాయం ఉండేదని, ఆయన పోయిన తరువాత మా అమ్మ చెప్పింది. బతికుండగా ఆయన ఎవరితోనూ అనలేదు. అంగడి పోయింది.

నాకు మిగిలింది వేళ్ళు. బట్టను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి అది ఎన్నో నంబరు నూలో చెప్పగలను. ముప్పై ఏళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు తిరగేసినా ఆ వేళ్ళు మొద్దుబారలేదు.

పదవీ విరమణ తరువాత ఆరేళ్ళు కూర్చుని పిల్లల కోసం ఒక సాహస నవల రాశాను. నగర్తపేట బట్టల వ్యాపారి వెంకటప్పయ్య, మనవడు రాఘవ, మనవరాలు కమలితో నూలు తానులు కొనడానికి ఓడెక్కి ఈజిప్టు వెళ్తాడు. అక్కడ సమాధులు దోచే ముఠా ఒక రాజు శవానికి నకలు తయారు చేస్తుంది. అసలు మమ్మీ ఏదో, నకిలీ ఏదో ఎవరికీ తెలియదు. చివరి అధ్యాయంలో న్యాయాధికారి ఎదుట రాఘవ కళ్ళకు గంత కట్టుకుని రెండు మమ్మీల బట్టనూ వేళ్ళతో నలిపి చూస్తాడు. ఒకటి నూలు, ఒకటి నార. "రాజుల్ని నూలుతోనే చుడతారని మా తాత చెప్పాడు, నార బట్ట కట్టుకునేది అడవికి పోయేవాళ్ళు" అని చెప్పి నకిలీని పట్టిస్తాడు. తాత గెలుస్తాడు. ముప్పై రెండు అధ్యాయాలూ ఆ ఒక్క క్షణం మీద నిలబడ్డాయి.

దీన్ని మా అక్క రత్నమ్మ చదివింది. ఆమె ఆనేకల్ బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. ఆ బడి యానివల్ డేకి మూడు వందల ప్రతులు పిల్లలకు బహుమతిగా ఇచ్చేలా హెడ్మాస్టరుతో మాట్లాడింది. ఆ తరువాత ఒక షరతు పెట్టింది.

"చూడకుండా రాసినావు. నేను లెక్క చేసి చూడకుండా ఏ పేపరూ పిల్లోళ్ళకి ఇచ్చిండలేదు. ఆ బట్ట ఒకసారి చూసి వద్దాం పా. నా డబ్బుతోనే."

"మన తాత చెప్పిన మాటకి లెక్క సరిచూసేది ఏముండాదక్కా?"

"అదే చూద్దామంటా ఉండాను."

అలా 2004 జనవరిలో, ఒక టూరు కంపెనీవాళ్ళ గుంపులో, అక్క డబ్బుతో నేను విదేశం వెళ్ళాను. ఇది రాయడానికే నాకు కష్టంగా ఉంది. ప్రూఫులు పెట్టెలో పెట్టుకున్నాను. ప్రెస్సు యజమాని మునిరాజు ఒకే మాట చెప్పాడు. "శుక్రవారం లోపల ఫోను చేసి సరే అనండి సార్. ప్లేట్లు వేసేస్తాను. దాని తరువాత అయితే యానివల్ డేకి అందదు."

కైరో: అన్నంలో మాకరోనీ

మా గుంపులో పద్నాలుగు మంది. నేనూ అక్కా తప్ప అందరూ సాఫ్ట్‌వేరు పిల్లలు, వాళ్ళ భార్యలు. వీళ్ళలో కిశోర్ అనే గుంటూరు కుర్రవాడు మొదటి గంటలోనే నన్ను అంకుల్ చేసేశాడు.

"అంకుల్, మీరు పంచెలోనే తిరుగుతారా? డెజర్ట్‌లో కంఫర్టబుల్‌గా ఉంటుందా?"

నేను అతనికి అంకుల్ని కాదు. పంచె, మూసిన మెడ కోటు మా ఇంట్లో మగవాళ్ళ దుస్తులు. ఎడారి కోసం మార్చుకోవలసిన అవసరం కనబడలేదని చెప్పాను.

మేము శాకాహారులం. కైరోలో ఇది పెద్ద ఇబ్బంది కాదు, చిన్న ఇబ్బందులు చాలా. వాళ్ళకు కుషరి అని ఒక వంటకం ఉంది. అన్నం, పప్పు, మాకరోనీ, సెనగలు ఒకే పళ్ళెంలో వేసి పైన వేయించిన ఉల్లిపాయలు, టొమాటో పులుసు పోస్తారు. మూడు పౌన్లు, మన లెక్కలో ఇరవై రూపాయల పైచిలుకు. ఇంట్లో నాలుగు రోజుల మిగులు ఒకచోట కలిపినట్టుంది. అక్క మాత్రం రెండో పళ్ళెం అడిగింది.

"బాగుండాది కదరా. బిసిబేళెబాత్‌కి అన్న మాదిరి ఉండాది. మొహం ఎందుకట్లా పెడతావు?"

సెనగపప్పు బదులు పెద్ద చిక్కుడు గింజలు రుబ్బి, కొత్తిమీర కలిపి వేయించే వడలు కూడా ఉన్నాయి. రొట్టెలో దూర్చి ఇస్తారు. అవి నిజంగా బాగున్నాయి. అక్కకు ఆ మాట చెప్పలేదు.

మన దగ్గర అంగట్లోకి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, ఏం కావాలో అడిగి, తరువాత కాఫీ తెప్పిస్తాం. వాళ్ళు టీ ముందు ఇస్తారు. తాగాక కొనకుండా లేస్తే కొట్టినంత బాధపడతారు. మా అక్క మొదటి రోజునే మూడు చోట్ల టీ తాగి ఏమీ కొనకుండా బయటికి వచ్చింది. మూడు చోట్లా క్షమాపణ చెప్పుకున్నది నేను.

గీజా: ఒంటెవాడితో పరిచయం

ఒంటెవాడి పేరు అడగలేదు. అతను మాత్రం నా కోటు అంచు పట్టుకుని, ఇండియా అంటే తనకెంత ప్రేమో చెబుతూ వరసగా సినిమా హీరోల పేర్లు వల్లించాడు. ఆ హీరోల్లో సగం మంది ఎవరో నాకు తెలియదు. ఫొటో ఒక్కటేనన్నాడు. కిశోర్ ఆశపడి ఎక్కాడు. ఎక్కడానికి పది పౌన్లు. పైనుంచి దించడానికి ఇరవై. కిశోర్ మీద నుంచి అరిచాడు.

"అంకుల్, హెల్ప్! వీడు దింపట్లేదు!"

నేను వెళ్ళి గట్టిగా తెలుగులో మాట్లాడాను. ఏమన్నానో ఇక్కడ రాయను. ఒంటె దానంతట అదే కూర్చుంది. కిశోర్ దిగి నా చేయి పట్టుకుని ఊపాడు. ఆ రోజు నుంచి బస్సులో నా పక్క సీటు వదల్లేదు. దానికన్నా ఇరవై పౌన్లు ఇవ్వడమే మేలు.

హోటల్లో నా పంచె

ఉతకడానికి ఇచ్చిన రెండు పంచెల్లో ఒకటే తిరిగి వచ్చింది. రెండోది ఏదని అడిగితే చీటీ చూపించారు. అందులో ఒక కోటు, ఒక పంచె ఉన్నాయి. గంటసేపు వాదించాను. మేనేజరు వచ్చాడు, మేనేజరు మీద మేనేజరు వచ్చాడు. మర్నాడు ఉదయం ఫలహారం దగ్గర అక్క నా మోచేయి పొడిచింది.

"శీనా, కిటికీ పక్క టేబులు చూడు. అంచు మనది కదరా?"

నా పంచెను నాలుగు మడతలు పెట్టి టేబులు మీద పరిచారు. దాని మీద ఒక దొర ఉడికించిన గుడ్డు ఒలుస్తున్నాడు. సరుకుల గది పెద్దావిడ వచ్చి క్షమించమంది. తెల్లగా, పొడుగ్గా ఉండటంతో 'లినెన్' బుట్టలో వేశారట. దుప్పట్లు, తువ్వాళ్ళు, టేబులు గుడ్డలు, అన్నింటినీ వాళ్ళు లినెనే అంటారు. అన్నింటిలోకీ ఇదే సన్నగా ఉందని మంచి టేబులుకు వేశామని ఆవిడ మెచ్చుకోలుగా చెప్పింది.

గుడ్డు మరక ఇంకా పోలేదు.

మ్యూజియం: గాజు వెనక

మంగళవారం. ఇక్కడికే నేను వచ్చింది. మా గైడు హసన్ అందరినీ బంగారం ఉన్న వైపు తీసుకెళ్ళాడు. నేనూ అక్కా విడిగా మమ్మీల బట్టలు ఉన్న గది వెతుక్కున్నాం. వెంటపడి కిశోర్ కూడా వచ్చాడు.

గాజు పెట్టెలో పసుపుపచ్చగా మాగిన ఒక బట్ట చుట్ట. మూడు వేల ఏళ్ళు దాటినది. వంగి చూశాను. చేయి పెట్టే వీలు లేదు. చేయి పెట్టవలసిన అవసరమూ లేకపోయింది. పోగు ఒకచోట సన్నం, ఒకచోట లావు. మధ్యమధ్య కణుపులు. పత్తి పోగు అలా ఉండదు. పత్తిని ఎంత మోటుగా వడికినా ఆ మెరుపూ రాదు, ఆ బిగువూ రాదు. నాకు తొమ్మిదేళ్ళ వయసులోనే ఇది తెలుసు.

"అంకుల్, ఇక్కడ బోర్డు మీద లినెన్ అని ఉంది. అంటే నార కదా? మీరు పత్తి అన్నారు?"

"నిన్న హోటల్లో నా పంచెని కూడా లినెన్ అనే అన్నారు. తెల్లబట్ట ఏదైనా వీళ్ళకి లినెనే" అన్నాను.

కిశోర్ ఒప్పుకున్నాడు. అక్క ఒప్పుకోలేదు. ఆమె గాజు వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"నీ కండ్లకి ఎట్లుండాది?"

"గాజు వెనక ఏం తెలుస్తాదక్కా."

"తెలియకుంటే ఇంతసేపు వంగి ఏం చూస్తా ఉండావు?"

నడుము నొప్పిగా ఉందని చెప్పి బయటికి వచ్చాను. మెట్ల దగ్గర ఒకడు కాగితం మీద నా పేరు ఫరోల లిపిలో రాసిస్తానని వెంటపడ్డాడు. వద్దని తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో చెప్పాను. అప్పటికే సగం రాసేశాడు. ఐదు పౌన్లు.

లక్సర్ రైలు

పగటి రైలు. పది గంటలు. కిటికీకి ఒక పక్క పచ్చటి పొలాలు, దానికి కొంచెం అవతల ఇసుక. గీత గీసినట్టు పచ్చదనం ఆగిపోతుంది. గాడిద మీద చెరుకు మోపులు, మేడల మీద పావురాల గూళ్ళు, తలుపుల ముందు కూర్చుని కబుర్లాడే ఆడవాళ్ళు. ఇది చూడదగ్గ దృశ్యం. నన్ను చూడనివ్వలేదు. అక్క నన్ను అడక్కుండా ప్రూఫులు కిశోర్ చేతికి ఇచ్చింది. అతను ప్రతి అధ్యాయం చివరా ఒక అభిప్రాయం చెబుతూ వచ్చాడు.

మధ్యాహ్నానికి ముగించాడు.

"సూపర్ అంకుల్. ఓడలో ఆ తుపాను చాప్టర్ అయితే నిజంగా భయమేసింది. కమలి నాకు చాలా నచ్చింది. ఒక్క డౌట్. ఈ తాత ఒక్కసారి కూడా తప్పు చెప్పడా? ముప్పై రెండు చాప్టర్లలో?"

"చెప్పడు."

"పిల్లలు ఎప్పుడూ ఆయనకి ఎదురు చెప్పరా?"

"ఎందుకు చెప్పాలి?"

"లేదంకుల్, మా ఇంట్లో అయితే పొద్దున లేస్తే మా తాతతో అదే పని. ఆయన చెప్పేది క్రికెట్ స్కోరయినా సరే, చెక్ చేస్తాం."

అక్క కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. మా ఇంట్లో క్రికెట్ స్కోరు చెప్పే తాతలు లేరని అన్నాను. ఆ మాట నాకే సరిగా అనిపించలేదు.

పడమటి గట్టు

గురువారం ఉదయం పడవలో నైలు దాటాం. సమాధులన్నీ సూర్యుడు దిగే గట్టునే ఉంటాయి. రాజుల సమాధుల దగ్గర జనం తిరునాళ్ళలా ఉన్నారు. హసన్ మమ్మల్ని కొండ కింద, ఆ సమాధులు తవ్విన పనివాళ్ళు తమ కోసం తవ్వుకున్న చిన్న గుహల దగ్గరికి తీసుకెళ్ళాడు.

లోపల చీకటి. బయట కావలివాడు ఒక అద్దం పట్టుకుని ఎండను లోపలికి తిప్పాడు. గోడ మీద బొమ్మలు నిన్న వేసినట్టు వెలిగాయి. అద్దం తిప్పినందుకు బక్షీష్ అడిగాడు. ఇవ్వగానే వెలుతురు ఇంకొంచెం పెరిగింది. ఇవ్వకముందు ఎందుకు పెరగలేదని నేను అడగలేదు.

గోడ మీద ఆలుమగలు ఇద్దరు. తెల్లటి సన్నని బట్టలు కట్టుకున్నారు. వాళ్ళ ముందు ఒత్తుగా ఎదిగిన చేను. ఇద్దరూ వంగి మొక్కలను వేర్లతో సహా పీకుతున్నారు.

"బట్ట కోసం పంట కోస్తున్నారు" అన్నాడు హసన్ ఇంగ్లీషులో.

పత్తిని ఏరతారు. చెట్టు నిలబడి ఉండగానే కాయ నుంచి తీస్తారు. ఎవరూ పీకరు. నేను నోరు తెరవలేదు. అక్క తెరిచింది.

"అగిసె చెట్టు. అవిసె నూనె తీస్తారే, ఆ గింజలది. నా మొదటి పోస్టింగు ధార్వాడ పక్క. ఊరు చుట్టూ ఇదే చేను. నీలం పూలు పూస్తాది."

"అవునమ్మా, పూలు నీలమే" అన్నాడు హసన్, ఆమె చెప్పింది కిశోర్ ఇంగ్లీషులో చెప్పగానే. "ఆ కాడ నారతోనే అన్నీ. రాజుగారి శవానికి చుట్టిందీ అదే, పనివాడి శవానికి చుట్టిందీ అదే."

"పత్తి?" అన్నాను. నా గొంతు ఎందుకో పెద్దగా వచ్చింది. ఆ చిన్న గదిలో మోగింది.

"పత్తి నిన్న మొన్నటిది సార్. రెండు వందల ఏళ్ళు కూడా కాలేదు ఊరూరా వేయించి. ఇక్కడ ఏలిన పాషాలు వేయించారు."

బయటికి వచ్చాక ఎండ కళ్ళలో పొడిచింది. గైడ్లకు ఏం తెలుసు, గుర్తింపు కార్డు కోసం నాలుగు పుస్తకాలు బట్టీ పడతారు అన్నాను. అక్క ముందుకు నడిచింది. కిశోర్ కూడా ఆమె వెనకే వెళ్ళాడు. అది నాకు మరీ ఒళ్ళు మండించింది.

హాజీ అంగడి

పుస్తకం చదివినవాణ్ణి కాదు, బట్ట తెలిసినవాణ్ణి అడుగుతానన్నాను. సాయంత్రం హసన్ మమ్మల్ని లక్సర్ బజారులో ఒక పాత బట్టల అంగడికి తీసుకెళ్ళాడు. డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దాయన, అందరూ హాజీ అంటారు. నేలకు తివాచీ, గోడకు తానులు. కూర్చునే తీరు చూడగానే తెలిసింది, తరాల వ్యాపారి. అరగ్లాసు పంచదారతో టీ వచ్చింది. ఈ ఒక్క టీకి నేను విసుక్కోలేదు.

హసన్ తర్జుమా చేస్తుండగా, మాది కూడా బట్టల వంశమని చెప్పాను. హాజీ ఒక తాను విప్పి కొస నా చేతికి ఇచ్చాడు. నలిపి చూశాను.

"నూరో నంబరు నూలు. ఏకపోగు. గంజి ఎక్కువ పెట్టారు."

హాజీ తొడ మీద చరిచి నవ్వాడు. ఇంకొకటి ఇచ్చాడు. వేళ్ళకు చల్లగా తగిలింది. కణుపులు తెలిశాయి. మ్యూజియంలో గాజు వెనక చూసిన పోగే.

"కత్తాన్" అన్నాడు హాజీ. అంటే నార. "ఇది ఫరోలది. మీ చేతిలో ముందున్నది పాషాలది. ఎవరైనా వేరేగా చెప్పారా?"

మా తాతగారు చెప్పారన్నాను. పంచె విప్పి కొనేవాళ్ళ చేతిలో పెట్టి ఏమనేవారో, ఆ మాటలు అలాగే చెప్పాను. హసన్ తర్జుమా చేశాడు. హాజీ టీ గ్లాసు కింద పెట్టి, చాలాసేపు నవ్వి, ఏదో అన్నాడు. హసన్ దాన్ని చెప్పడానికి ఇష్టపడలేదు. నేను బలవంతం చేశాను.

"ఏమనుకోకండి సార్. మీ తాతగారు మంచి వ్యాపారి అంటున్నాడు. ఈయన కూడా జర్మన్ టూరిస్టులకు ఇదే చెబుతాడట, ఇది ఫరో కాలం పత్తి అని. ఒకటి కొనేవాళ్ళు రెండు కొంటారట."

నేను లేచాను. హాజీ కంగారుపడి ఇంకో టీ తెమ్మని కేకేశాడు. ఆయన తప్పేమీ లేదు. తోటి వ్యాపారితో వ్యాపారి రహస్యం పంచుకున్నాడు. నేను అంగడి బయట రాతి మెట్టు మీద, కోటుతో, పంచెతో, పక్కవాడి బుట్టల మధ్య కూర్చున్నాను. ఇలా మెట్టు మీద ఎప్పుడూ కూర్చోలేదు.

అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"నాకేం తెలుసురా. అంగట్లో వంద మాటలు చెప్తా ఉండె ఆయన. ఈ పంచె కట్టుకుంటే కోర్టులో కేసు గెలుస్తాది అనేది కూడా చెప్తా ఉండె. నువ్వు అది నమ్మలేదు, ఇది నమ్మినావు. అంగట్లో మాట అంగట్లోనే వదిలేయాల్సింది. నువ్వు ఇంటికి తెచ్చుకున్నావు."

"ఆయన నమ్మేవాడా, లేదా?"

"ఎవరైనా అడిగుంటే కదా తెలిసేది."

కాసేపటికి ఆమె వేళ్ళు మడుస్తూ లెక్క వేయడం మొదలుపెట్టింది. లెక్కల టీచర్ల అలవాటు.

"నార అసలుది. నూలు దొంగది. అంతే కదా? అట్లయితే నీ కతలో దొంగ మమ్మీకి చుట్టిండేది ఎవరి బట్ట? మంచి ఈజిప్టు నూలు ఆ ఊర్లో తానులు తానులు కొంటా ఉండేది వెంకటప్పయ్యే. ఆయన దగ్గరే కొని చుట్టినారు. తాత బట్ట, తాత మాట, రెండూ తప్పే అయితాయి. ఆ పిల్లోడు జడ్జి ముందర నిలబడి తాతకి ఎదురుగా చెప్పాల్సి వస్తాది."

"రాఘవ అలా చెప్పడు."

"చెప్పకుంటే దొంగలు గెలుస్తారు కదరా."

టెలిఫోను

శుక్రవారం ఉదయం. టెలిఫోను కార్డు కొని వీధి మూల పెట్టెలో నుంచి బెంగళూరుకు చేశాను. మొదటిసారి ఎవరో కోప్టిక్ చర్చి ఫాదరు ఎత్తాడు. రెండోసారి మునిరాజు.

"చెప్పండి సార్! సరేనా? ప్లేట్లకి పంపించేస్తాను."

ఇక్కడ ఒక సంగతి దాచకుండా రాస్తాను. పాత నవల అలాగే వెళ్ళినా ఆనేకల్ పిల్లలు ఎవరూ ఆ తప్పు పట్టుకునేవారు కాదు. మూడు వందల మంది చదివేవారు. మా తాతగారు ఇంకో మూడు వందల ఇళ్ళలో గెలిచేవారు. ఆపితే ఆ పాఠకులు నాకు దక్కరు. నా పుస్తకాన్ని డబ్బిచ్చి కొనే పాఠకుడు మన దేశంలో ఇంకొకడు లేడు. కార్డులో పౌన్లు కరుగుతున్నాయి. అక్క పెట్టె బయట నిలబడి ఉంది. ఆమె ఏమీ అనలేదు. అంటే బాగుండేది, కాదనేవాణ్ణి.

"ఆపు" అన్నాను.

"ఏంది సార్?"

"అచ్చు ఆపు. తప్పుండాది."

"ఎన్ని పేజీలు సార్? రెండు మూడైతే నేనే సర్దేస్తాను."

"చివరి ఐదు అధ్యాయాలు. ముందు కూడా అక్కడక్కడ."

"అయ్యో! ఎండ దెబ్బేమన్నా తగిలిందా సార్? యానివల్ డేకి కాదు మళ్ళీ. హెడ్మాస్టరుకి ఏం చెప్పేది?"

"తప్పు నాది అని చెప్పు."

మునిరాజు నన్ను ఇరవై ఏళ్ళుగా ఎరిగినవాడు. "లైను సరిగా లేదు సార్, మళ్ళీ చెప్పండి" అన్నాడు. లైను బాగానే ఉంది. మళ్ళీ చెప్పాను.

ఆ సంవత్సరం ఆనేకల్ పిల్లలకు బహుమతిగా స్టీలు డబ్బాలు ఇచ్చారు. పిల్లలకు అవే నచ్చాయని అక్క చెప్పింది.

తిరుగు రైలు

శనివారం, మళ్ళీ పగటి రైలు, మళ్ళీ కిశోర్. ప్రూఫుల వెనక తెల్లవైపు రాయడం మొదలుపెట్టాను. పెన్ను కుదుపుకు అక్షరాలు గంతులు వేశాయి. కిశోర్ బిస్కట్లు ఒక్కొక్కటే నా మోచేతి దగ్గర పెట్టాడు. తిన్నాను.

న్యాయాధికారి ముందు దాకా త్వరగానే వచ్చింది. రాఘవ గంత కట్టుకున్నాడు. రెండు బట్టలూ నలిపాడు. పక్కనే తాత నిలబడి ఉన్నాడు, చేతి కర్ర మీద రెండు చేతులూ పెట్టి, కోటు గుండీలన్నీ పెట్టుకుని. రాఘవ చేత చెప్పించాను. "తాతా, ఇది నూలు. మన నూలే. అందుకే ఇది దొంగది."

అక్కడ ఆగిపోయాను.

తాత ఏం చేస్తాడు? కొడతాడని రాశాను, కొట్టేశాను. కన్నీళ్ళు పెట్టుకుని మనవణ్ణి కౌగిలించుకుంటాడని రాశాను. అది మా తాత కాదు. కోపంతో బయటికి వెళ్ళిపోతాడని రాశాను. అది నేను. పొలాలు పోతున్నాయి, గాడిదలు పోతున్నాయి. ఆయన ఏం చేసేవారో నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ ఆయనకు ఆ అవకాశం ఇవ్వలేదు. మా నాన్నగారు ఇవ్వలేదు. నేను ఇవ్వలేదు. ఆయన బట్ట తెలిసిన మనిషి. బట్ట గురించి ఎవరైనా ఏదైనా అంటే, అన్నవాడి మొహం చూసేవారు కాదు, బట్ట చూసేవారు.

అప్పుడు రాశాను. సభ అంతా తాత వైపు తిరిగింది. ఆయన కర్రను కమలి చేతికి ఇచ్చాడు. రెండు అడుగులు ముందుకు వేసి, మనవడి ముందు అరచేయి చాపాడు.

"ఏదీ, ఇటు తే" అన్నాడు.